పాత ప్రేమకథల్లో ఆ పిల్లను ఎవురన్నా అడిగారా?

ఎత్తిపోతల కాడికి ఏ ఆదివారం పోయినా ఒకటే సందడి. చంద్రవంక డెబ్బై అడుగుల పైనుంచి కిందికి దూకుతా ఉంటది. ఇవతల కమ్మీల కాడ జంటలు ఫోన్లు పట్టుకోని రీల్సు తీసుకుంటా ఉంటారు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, సాగర్ అవతల నల్గొండ జిల్లా నుంచి బండ్ల మీద వచ్చిన పిల్లలు. రీలుకు పెట్టే పాట మాత్రం శానా సార్లు వాళ్ళు పుట్టకముందు వచ్చిన సినిమాలోదే. కథ పాతబడినా దాని మీద మోజు పాతబడలా.

నాకూ ఆ మోజు పోలా. నలభై దాటినా మంచి ప్రేమకథ కనపడితే చేతిలో పని పక్కనపెట్టి కూసుంటా. కాకపోతే పదహారేళ్ళప్పుడు విన్న కథ, ఇప్పుడు వినే కథ ఒకటి కాదు. మాటలు అవే, పాటలు అవే, ముగింపూ అదే. అయినా వేరే కథ వినపడుద్ది. అట్టా ఎందుకు వినపడుద్దో, దాంతో ఇయ్యాల మీకేం పనో చెప్పాలని ఇది రాస్తన్నా.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. పదో తరగతి తర్వాత చదివిందంతా లైబ్రరీ బల్ల మీద, మీటింగులకు పొయ్యే బస్సుల్లో. ఆడపిల్లల గొడవలు, ఆలుమగల పంచాయితీలు, ఇల్లొదిలి వచ్చిన జంటల కోసం స్టేషన్ల చుట్టూ తిరగడం నా పని. ఈ పనిలో పడ్డాక ప్రేమకథ వినే చెవి మారుద్ది. పాటలో వయొలిన్ మోగుతా ఉంటే, 'సరే గానీ ఆ పిల్లను అడిగారా?' అని లోపల ఒక మాట మెదులుద్ది. ఆ ఒక్క మాట పట్టుకోని మనకు బాగా ఇష్టమైన నాలుగు కథల్లోకి పోదాం.

కారెంపూడి కథలో మంచాల

మన పల్నాడోళ్ళకు మొదటి ప్రేమకథ సినిమాలోది కాదు, కారెంపూడిది. కార్తీకమాసం అమావాస్య వచ్చిందంటే అయిదు రోజులు వీరుల ఉత్సవాలు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పన్నెండో శతాబ్దంలో నాగులేరు గట్టున జరిగిన అన్నదమ్ముల పోరును వీరవిద్యావంతులు ఇయ్యాల్టికీ పాడతన్నారు. శ్రీనాథుడు రాశాడని చెప్పే ద్విపద కావ్యం ఉంది. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ ఈ కథను మన పాటగాళ్ళ నోటి నుంచే రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి పల్నాటి యుద్ధం సినిమా కూడా వచ్చింది.

ఈ కథలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, అతని భార్య మంచాల. పెళ్ళయిందే గానీ కాపురం లేదు. పిల్లోడు శ్యామాంగి అనే వేశ్య ఇంట ఉంటాడు. ఒకరోజు బొంగరాలాట ఆడతా ఉంటే ఆ బొంగరం తగిలి ఒకామె కాలికి దెబ్బ తగులుద్ది. అవతల మీవాళ్ళు యుద్ధానికి పోతే నువ్విక్కడ ఆటలాడతన్నావా అని ఆమె దెప్పిపొడుస్తది. దాంతో యుద్ధానికి లేస్తాడు. తల్లి ఐతాంబ, పొయ్యేముందు పెళ్ళాన్ని చూసి పొమ్మంటది. అప్పుడు పోతాడు మంచాల కాడికి. ఆమె అతన్ని ఆపదు. వీరతిలకం దిద్ది, కత్తి చేతికిచ్చి సాగనంపుద్ది. కారెంపూడి పోరులో అతను చచ్చిపోతాడు.

పదిహేనేళ్ళప్పుడు ఈ కథ వింటే ఒళ్ళు గగుర్పొడుస్తది. తిలకం దిద్దే కాడ జనం ఊగిపోతారు. అప్పుడు మన కళ్ళన్నీ ఆ కత్తి మీదే. అదే కథ నలభైలో వింటే కత్తి పక్కకు పోయి ఆ చెయ్యి కనపడుద్ది. ఇన్నాళ్ళు గడప తొక్కని మొగుడు చావుకు పొయ్యే రోజున వచ్చాడు. పో అంటే వీరపత్ని, ఉండు అంటే పిరికిది. ఆ రెండే ఆమెకు మిగిలినయ్యి. 'నువ్వేం కోరుకుంటన్నావమ్మా' అని కథ మొత్తంలో అడిగినోళ్ళు లేరు. శ్యామాంగినైతే అసలే అడగరు. పిల్లోణ్ణి పాడుచేసిందన్న నింద ఆమె నెత్తిన పెట్టి కథ ముందుకు పోద్ది. ఒక ఆడమనిషి ఆ ఇంట్లో ఎందుకు ఉండాల్సి వచ్చిందన్న ఊసు ఉండదు.

అదే కథలో పేరిందేవి ఉంది. నలగామరాజు కూతురు. ఆమె మొగుడు అలరాజు అవతలి పక్షం మనిషి. సంధి కోసం రాయబారిగా వచ్చిన అల్లుణ్ణి మామ పక్షం వాళ్ళు కుట్ర చేసి చంపిస్తారు. పేరిందేవి మొగుడి చితి ఎక్కుద్ది. చిన్నప్పుడు ఈ కథకు మనం పెట్టుకున్న పేరు పాతివ్రత్యం. ఇప్పుడు నా కంటికి కనపడేది ఇంకోటి. పుట్టింటి పక్షమే మొగుణ్ణి చంపితే యాడికి పోవాలో తెలియని పిల్ల. ఈ పేరిందేవిని గుర్తు పెట్టుకోండి, ఈమెతో మళ్ళీ పని ఉంది.

మల్లీశ్వరి ఎక్కిన పల్లకీ

1951లో బి.ఎన్.రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' మీ తాతలు పడి చచ్చిన సినిమా. ఎన్టీఆర్, భానుమతి. బావామరదళ్ళు నాగరాజు, మల్లి. జాతర నుంచి బండి మీద వస్తా ఉంటే వాన పట్టుకుంటది. ఒక పాత సత్రంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడిపాడుద్ది. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు అది చూసి మెచ్చుకుంటాడు. ఆయన రాజని తెలియక నాగరాజు వేళాకోళంగా ఒక మాట అంటాడు. మా మల్లికి రాయలవారు పల్లకీ పంపేట్టు చూడండి అన్న అర్థం వచ్చే మాట. ఆ తర్వాత మల్లిని అడగడానికి డబ్బు కావాలని నాగరాజు ఊరొదిలి సంపాదనకు పోతాడు. అతను తిరిగొచ్చేలోపల నిజంగానే పల్లకీ వస్తది. ఆశపడ్డ తల్లి పంపిస్తది. రాణివాసంలోకి పోయిన పిల్ల బయటికి రావడానికి లేదు.

చిన్నప్పుడు చూస్తే ఆ తల్లి మీద కోపం, విధి మీద కోపం. వయసొచ్చాక చూస్తే కథ మొదట్లోనే ముల్లు గుచ్చుకుంటది. పల్లకీ మాట అన్నది బావ. తథాస్తు అన్నది రాజు. ఎక్కించింది తల్లి. ముగ్గురూ ఆ పిల్ల మేలు కోరినోళ్ళే, ఒక్కరూ చెడ్డోళ్ళు కాదు. మల్లిని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగలా. చెడ్డోళ్ళు లేకుండా కూడా ఒక పిల్ల బతుకు అట్టా పోద్దని ఆ సినిమా డెబ్బై ఏళ్ళ కిందటే చూపించింది. అది కనపడాలంటే మనం మంచోళ్ళ మధ్యన నలిగిన పిల్లల్ని కొందర్ని చూసి ఉండాలి. మంచి సంబంధం, పొలం ఉంది, పిల్లోడికి ఉద్యోగం ఉంది అని ఇంటర్ మాన్పించి పంపిన పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారు గదా. వాళ్ళు ఎక్కింది కారు కావచ్చు గానీ అదీ ఆ పల్లకీయే.

పార్వతి అడిగింది, దేవదాసు వినలా

ఇంక దేవదాసు. మనోళ్ళు ప్రేమలో దెబ్బతిన్న ప్రతి పిల్లోడికీ ఈ పేరే పెడతారు. శరత్ వయసులో ఉన్నప్పుడు రాసి పక్కన పెట్టిన ఈ నవల 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్య సినిమా తీశాడు. నాగేశ్వరరావు, సావిత్రి. గడ్డం, సీసా, కుక్క. మనకు మిగిలిన బొమ్మ అదే.

నవల తీసి చదవండి, తెలుగులో దొరుకుద్ది. అందులో పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి పోతాది. ఆ రోజుల్లో ఒక పిల్ల చెయ్యగలిగిన దానికల్లా పెద్ద సాహసం అది. నన్ను కాపాడుకుంటావా అని సూటిగా అడుగుద్ది. దేవదాసు ఇంట్లోవాళ్ళకు ఎదురు నిలవలేడు. కలకత్తా పోయి, నీ మీద నాకట్టాంటి ఆలోచన ఎప్పుడూ లేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మార్చుకోని తిరిగొస్తాడు. అప్పటికే పార్వతికి వేరే సంబంధం కుదిరింది, ఆమె ఒప్పుకోదు. ఒప్పుకోనందుకు గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తం కారుద్ది. గుర్తుగా ఉంచుకో అన్నట్టు మాట్లాడతాడు.

పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ దెబ్బ కూడా ప్రేమే అనిపిస్తది. అట్టాగే చదివిస్తది ఆ కథ. ఇయ్యాల ఒక పిల్ల నుదుటి మీద కుట్లతో వచ్చి నా ముందు కూసుంటే, వాడికి నేనంటే ప్రాణం అక్కా అంటే, నాకు గుర్తొచ్చేది గాలం కర్రే. ప్రాణమైతే చెయ్యెందుకు లేచింది?

ఇంకో సంగతి. దేవదాసు పేరు అందరికీ తెలుసు. పార్వతి తర్వాత ఏం చేసిందో మీలో ఎంతమందికి తెలుసు? పెద్ద వయసు జమీందారుకు రెండో పెళ్ళామై, తన ఈడు పిల్లలున్న ఇంట్లో అడుగుపెట్టి, ఆ ఇంటిని చక్కబెట్టుకోని అందర్నీ తనవాళ్ళను చేసుకుంటది. చంద్రముఖి తన వృత్తి వదిలి, నగానట్రా వదిలి పల్లెటూరికి పోయి బతుకుద్ది. ఇద్దరు ఆడవాళ్ళు విరిగిన బతుకును అతికించుకున్నారు. మగమనిషి తాగి చచ్చిపోయాడు. పాటలు మాత్రం అతని మీద వచ్చినయ్యి. శరత్ రాసింది ముగ్గురి కథ. పద్దెనిమిదేళ్ళ కన్ను అందులో ఒకణ్ణే చూస్తది.

ఇక్కడ ఒక మాట గమనించండి. పెద్దయ్యాక మనం కథకు కొత్తగా ఏదీ అతికించడంలా. పార్వతి అడగడం కథలో మొదటి నుంచే ఉంది. మల్లి పల్లకీ వెనక ఉన్న వేళాకోళం సినిమాలో మొదటి నుంచే ఉంది. మంచి కథ రెండో చూపుకు ఇంకా లోతుగా కనపడుద్ది. కొన్ని కథలు రెండో చూపుకు నిలవ్వు. అట్టాంటి దానికి ఒక ఉదాహరణ చెప్తా.

ఆర్య, అజయ్, మధ్యలో గీత

2004లో 'ఆర్య' వచ్చింది. సుకుమార్ మొదటి సినిమా. ఆ ఏడు కాలేజీ పిల్లోళ్ళు పేర్లు మార్చుకున్నంత పని చేశారు. 'ఫీల్ మై లవ్' అన్న మాట బస్సుల వెనక, ఆటోల మీద రాసుకున్నారు. హుషారైన సినిమా, పాటలు ఇప్పటికీ బాగుంటయ్యి. దాంట్లో కథ ఏంది? అజయ్ అనే ఎంపీ కొడుకు గీత వెంట పడతాడు. ఒప్పుకోకపోతే బిల్డింగు మీద నుంచి దూకుతా అంటాడు. చావు చూడలేక గీత సరే అంటది. అప్పుడు ఆర్య వచ్చి, నువ్వు అతన్ని ప్రేమించుకో, నేను నిన్ను ప్రేమిస్తానే ఉంటా అని వెంట పడతాడు. పెళ్ళి కాడ కథ మలుపు తిరిగి గీత ఆర్యకు దక్కుద్ది.

మనకు ఆ సినిమాలో అజయ్ చెడ్డోడు, ఆర్య మంచోడు. గీత పక్కన కూసోని చూడండి ఒకసారి. ఒకడు చచ్చిపోతానని బెదిరించి ఒప్పించాడు. ఇంకొకడు వద్దన్నా వదల్లా. ఒకడి చేతిలో బెదిరింపు, ఇంకొకడి చేతిలో నవ్వు. వద్దు అన్న మాటను ఇద్దరూ లెక్కచెయ్యలా. గీత కాలేజీకి పోతే వీడు, బయటికొస్తే వాడు. ఆ పిల్లకు ప్రశాంతంగా చదువుకునే గంట ఒకటన్నా ఉందా అని సినిమా మనకు చూపించదు. ఎందుకంటే కెమెరా మొత్తం ఆ ఇద్దరి వెనకే తిరుగుద్ది. కెమెరా ఎవరి భుజం మీద నుంచి చూస్తే మనమూ వాళ్ళ మనుషులం అయిపోతాం. వయసులో ఉన్నప్పుడు అది తెలియదు. ఒక చెల్లెలు బస్సు మారి కాలేజీకి పోతందని తెలిసిననాడు, ఒక కూతురు ట్యూషన్ మానేస్తానన్ననాడు కెమెరా అవతల ఉన్నోళ్ళు గుర్తొస్తారు.

కథను కథలా చూడాలంటారా?

నేను మీటింగుల్లో ఇది చెప్తే పిల్లోళ్ళు అనే మాట ఒకటుంది. 'అది సినిమా అక్కా, సినిమా చూసి ఎవురు చెడిపోతారు?' న్యాయమైన ప్రశ్నే. సినిమా చూసి కత్తి పట్టుకున్నాడని నేనూ అనను. ప్రతి కుర్రోడూ దేవదాసును చూశాడు, ఆర్యను చూశాడు, నూటికి తొంభై తొమ్మిది మంది మర్యాదగానే బతుకుతన్నారు. కానీ కథ చేసే పని ఇంకోటుంది. వద్దంటే ఏం చెయ్యాలో మన చుట్టూ ఎవురూ నేర్పరు. ఇంట్లో ప్రేమ ఊసెత్తరు, బడిలో ఎత్తరు. ఆ ఖాళీలో కథలే గురువులు. ఆ గురువులు ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠం ఏందంటే, పిల్ల వద్దంటే అది వద్దు కాదు, ఇంకొంచెం తిరగమని అర్థం.

ఆ పాఠం మితిమీరితే ఏమైద్దో మనకు తెలుసు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒక బిడ్డ చచ్చిపోయింది. నిందితుల్ని పోలీసులు కాల్చేశారు. జనం పూలు చల్లారు గానీ, ఆ పిల్లోళ్ళకు వద్దు అన్న మాట ఎందుకు అర్థం కాలేదన్న సంగతి మీద మాట్లాడుకోవడం అక్కడితో ఆగిపోయింది. మనకు ఇంకా దగ్గర్లోది గుంటూరు. 2021 ఆగస్టు 15, స్వాతంత్ర్య దినం, పట్టపగలు, నడిరోడ్డు. బీటెక్ చదివే దళిత విద్యార్థినిని ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనోడు కత్తితో పొడిచి చంపాడు. మాట్లాడడం మానేసిందన్నది వాడి కోపం. 2022 ఏప్రిల్‌లో గుంటూరు కోర్టు మరణశిక్ష వేసింది. శిక్ష పడింది, బిడ్డ రాలేదు.

ఇప్పుడు దీనికి అవతలి పక్క చూద్దాం. సాగర్ డ్యామ్ దాటి పోతే మిర్యాలగూడ ఎంతో దూరం కాదు. అక్కడ ఇద్దరు చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలిసినోళ్ళు, ఒకరినొకరు అడిగారు, ఒప్పుకున్నారు, చట్టప్రకారం పెళ్ళి చేసుకున్నారు. పిల్లోడు దళితుడు. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్యను డాక్టరుకు చూపించి బయటికొస్తా ఉంటే ప్రణయ్‌ని వెనక నుంచి నరికి చంపారు. కిరాయి హంతకుల్ని పెట్టించిన కేసు ఆ పిల్ల తండ్రి మీదే పడింది. విచారణ తేలకముందే 2020లో ఆయన చచ్చిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

కారెంపూడి కథలో పేరిందేవిని గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత, కృష్ణకు అవతలి గట్టున, పుట్టింటి మనుషులే మొగుణ్ణి చంపించిన ఇంకో ఆడపిల్ల. ఒక్క తేడా ఉంది. ఈ పిల్ల చితి ఎక్కలా. బిడ్డను కనింది, కోర్టు గుమ్మం ఎక్కింది, సాక్ష్యం చెప్పింది. కథ చెప్పే పద్ధతిని ఆమె అక్కడ మార్చింది.

ఈ రెండు పక్కలూ కలిపి చూస్తే మన సమాజం తిరకాసు బయటపడుద్ది. పిల్ల వద్దంటన్నా వెంట పడేవాడికి తెర మీద ఈలలు, చప్పట్లు. ఇద్దరూ అడిగి ఒప్పుకోని చేసుకుంటే రోడ్డు మీద కత్తులు. మొదటిదాంట్లో పిల్ల ఇష్టంతో పనిలేదు. రెండోదాంట్లోనూ పిల్ల ఇష్టంతో పనిలేదు. వెంటపడే కుర్రోడూ, పరువు పేరుతో కొట్టించే తండ్రీ శత్రువుల్లాగా కనపడతారు గానీ, ఆ పిల్ల మాట పిల్లది కాదనే కాడ ఇద్దరూ ఒకటే. పాత ప్రేమకథల్ని మళ్ళీ చూడమనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

చట్టం ఏమంటదో తెలుసుకోండి

కథల సంగతి అట్టా ఉంచి, రెండు మాటలు చట్టం గురించి. ఇవి రీలులో రావు.

ఒక ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినాక కూడా పదే పదే వెంటపడడం, మాట కలపాలని చూడడం, ఆమె ఇంటర్నెట్‌లో, ఫోన్లో ఏం చేస్తందో కనిపెట్టుకోని ఉండడం నేరం. 2013లో పాత శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ళ దాకా జైలు, రెండోసారి అయిదేళ్ళ దాకా. దొంగ ఐడీ పెట్టి మెసేజీలు పంపడం సరదా కాదు. యాసిడ్ పోసి గాయపరిస్తే 124వ సెక్షన్, తక్కువలో తక్కువ పదేళ్ళు, యావజ్జీవం దాకా. పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఆమె ఒప్పుకుంది అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంకోపక్క, పిల్లకు పద్దెనిమిది, పిల్లోడికి ఇరవై ఒకటి నిండితే ఎవర్ని చేసుకోవాలో వాళ్ళిష్టం. కులం వేరైనా, మతం వేరైనా. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్టరు చేసుకోవచ్చు. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మేజర్లైన ఇద్దరు పెళ్ళి చేసుకోవడానికి ఇంటోళ్ళ అనుమతి, కులపెద్దల అనుమతి అక్కర్లేదు. వాళ్ళకు ప్రాణభయం ఉంటే కాపాడే బాధ్యత పోలీసులది. ఇది చదివినోళ్ళు స్టేషన్‌కు పోయినప్పుడు ఆ తీర్పు పేరు చెప్పండి. పేరు తెలిసిన మనిషితో మాట్లాడే తీరు వేరే ఉంటది.

ఆపదలో 112, ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098. చచ్చిపోతానని ఎవురన్నా బెదిరిస్తే గీత లాగా సరే అని ఒప్పుకోబాకండి. వాళ్ళ ఇంట్లోవాళ్ళకు చెప్పండి, 14416 అనే టెలి మానస్ నంబరుకు ఫోన్ చెయ్యించండి. చావాలనిపించే మనిషికి కావాల్సింది వైద్యం. ఇంకో మనిషిని బలివ్వడం దానికి మందు కాదు.

మరి పాత కథల్ని పారేద్దామా?

పారెయ్యొద్దు. మల్లీశ్వరిని నేను మళ్ళీ చూస్తా. కారెంపూడి ఉత్సవాలకు మళ్ళీ పోతా. పాత కథల్ని కాల్చేస్తే మన అమ్మమ్మలు ఏం భరించారో తెలిసే దారి కూడా పోద్ది. ఇంకోటి, ఇది మనొక్కళ్ళ జబ్బు కాదు. ప్రపంచమంతా మెచ్చే రోమియో జూలియట్‌లో ఆ పిల్లకు పద్నాలుగు కూడా నిండలా. కథంతా అయిదు రోజుల్లో అయిపోద్ది, మిగిలేది శవాలు. షేక్‌స్పియర్ దాన్ని పెద్దల పగ మీద రాశాడు. మనం ప్రేమ గొప్పతనం అని చదువుకున్నాం. పిల్లలు చచ్చినాక తలలు వంచుకోని నిలబడ్డ ఆ రెండు ఇళ్ళ పెద్దోళ్ళు ఈ వయసులో నాకు బాగా కనపడతారు.

'ఆ రోజుల్లో అట్టాగే ఉండేది' అనేవాళ్ళకు ఒక మాట. ఆ రోజుల్లోనే చలం 1927లో 'మైదానం' రాశాడు, రాజేశ్వరి తన మనసు తనే చెప్పుకుంటది. ఆ రోజుల్లోనే శరత్ పార్వతి చేత అడిగించాడు. అడగడం తెలిసినోళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు, వినేవాళ్ళే తక్కువ.

ఈ కాలంలోనూ మంచి కథలు వస్తన్నయ్యి. 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' చూడనోళ్ళు చూడండి. అందులో యాభైకి దగ్గరబడ్డ ఆఫీసు అటెండరు రాజుకు, అదే ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధకు మధ్య ఇష్టం పుడుద్ది. ఆమెకు మొగుడు లేడు, ఎదిగిన కూతురుంది. అక్కడ అడిగేది ఆమె, ఆలోచించుకునేది అతను, ఊరు నోరు నొక్కుకున్నా పక్కన నిలబడేది ఆ కూతురు. బిల్డింగు మీద నుంచి దూకేవాళ్ళు లేరు. ఇద్దరు మనుషులు కూసోని మాట్లాడుకుంటారు, అంతే. అది చాలదా ప్రేమకథకు? ప్రేమ ఇరవయ్యేళ్ళోళ్ళ సొత్తన్న మాట కూడా అక్కడ చెరిగిపోద్ది.

తమ్ముళ్ళూ, మీకొక పని చెప్తా. మీకు బాగా ఇష్టమైన ప్రేమ సినిమా ఏదో ఒకటి తీసుకోండి. ఈసారి హీరో పక్కన కాకుండా హీరోయిన్ పక్కన కూసోని చూడండి. ఆమె ఎన్నిసార్లు వద్దంది, ఆ వద్దు తర్వాత ఏమైంది, లెక్కపెట్టండి. అయిపోయినాక మీ అక్కతోనో, వదినతోనో, కుదిరితే అమ్మతోనో కలిసి ఇంకోసారి చూసి, నీకెట్టా అనిపించిందమ్మా అని అడగండి. ఆమె చెప్పే కథ మీరు చూసిన కథ కాదు. చెల్లెళ్ళూ, మీరు ఆ లెక్క పెట్టక్కర్లేదు, మీకు తెలుసు. మీకు నేను చెప్పేది ఒకటే. ఎంత మంచి పాట వెనక మోగుతన్నా మీ వద్దు మీదే, మీ సరే కూడా మీదే. రెండూ గట్టిగా చెప్పండి. ఎవురన్నా వినకపోతే మా బోటోళ్ళు ఊళ్ళల్లో ఉన్నారు, వచ్చి తలుపు తట్టండి.